రెండోసారి ఒడ్డుకు

నార్మండీ ఒడ్డున సైన్యం దిగి మూడు రోజులైంది. ఇసుకలో వరసగా పడుకోబెట్టిన శవాల మధ్య ఎల్బర్ట్ తన స్నేహితుడు లైల్‌ను పోల్చుకున్నాడు. ముఖం మిగల్లేదు. మెడలో పేరు బిళ్ల కూడా లేదు. రంపపు మిల్లులో సగం తెగిన చిటికెన వేలు, వాళ్లమ్మ అల్లి పంపిన ఆకుపచ్చ మేజోళ్లు మాత్రం ఉన్నాయి.

"వీడు లైల్ హాస్కెట్. రాసుకోండి" అన్నాడు పాతిపెట్టే జట్టు సార్జంటుతో.

"నోటిమాట చెల్లదు బాబూ. మీ కెప్టెన్ సంతకంతో చీటీ పట్టుకురా. నాలుగింటికి గొయ్యి పూడ్చేస్తాం. ఈలోగా రాకపోతే వీడు పేరులేనివాడే."

కెప్టెన్ నీళ్ల అంచున వార్తల సినిమా తీసే మనిషితో నవ్వుతూ కనిపించాడు. దిగిననాడు తీసిన ఫిల్ము సముద్రంలో మునిగిపోయిందట. అందుకని అందరూ కెమెరా ముందు మళ్లీ దిగాలట! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన బాపతు.

"సంతకమేగా, పెడతాలే. ముందు నడుం దాకా తడిసి రా. నీ ముఖం బాగా పీక్కుపోయింది, సినిమాకి సరిగ్గా పనికొస్తుంది" అన్నాడు కెప్టెన్.

బొమ్మలో పడకుండా శవాల మీద టార్పాలిన్ కప్పించారు. దెబ్బతిన్న స్నేహితుడి వేషానికి ఆ పొద్దునే ఓడ దిగిన వంటవాణ్ణి పడుకోబెట్టారు. వాడి ఒంటి నుంచి వేయించిన పందిమాంసం వాసన. ఎల్బర్ట్ వాడి కాలరు పట్టుకుని నీళ్లలోంచి ఈడ్చాడు. వాడు కిసుక్కున నవ్వాడు.

"మెడ దగ్గర పట్టుకోకు గురూ, గిలిగింత!"

"ఒరేయ్, పీనుగులా ఉండరా!" అని కెమెరా మనిషి కేకేశాడు. "మళ్లీ!"

మూడుసార్లు ఈడ్చాడు. మూడుసార్లూ ఎల్బర్ట్‌కు ఆ నవ్వే వెధవ మీద కన్నా తన చేతుల మీదే ఎక్కువ రోత పుట్టింది. అసలు రోజున లైల్ కాలరు కూడా ఇలాగే అందింది. "వదలకురా" అన్నాడు లైల్. ఎల్బర్ట్ వదిలేసి పరిగెత్తాడు.

ఒళ్లంతా తడిసి ఉండటంతో సంతకం చీటీని నోట కరుచుకుని వెళ్లేసరికి, బుల్డోజరు గొయ్యి మీద ఇసుక చదును చేస్తోంది.

"తవ్వండి. నేను చూపిస్తాను" అని బతిమాలాడు.

"ఏది ఎవరో ఇప్పుడు నాకే తెలీదు. వెళ్లు బాబూ" అన్నాడు సార్జంటు. గొయ్యి అంచున వరసగా నాటిన కొయ్య శిలువలన్నిటి మీదా ఒకటే మాట ఉంది: పేరు తెలియదు.

ఆగస్టులో వర్జీనియా నుంచి లైల్ తల్లి ఉత్తరం వచ్చింది. లోపల ఆ సినిమాలోంచి తీసి పత్రికలో వేసిన బొమ్మ.

"నాయనా ఎల్బర్ట్, మావాడు గల్లంతయ్యాడని రాశారు. ఈ బొమ్మలో నువ్వు ఈడుస్తున్నవాడి ముఖం సగమే కనబడినా తల్లిని కదా, పోల్చుకోలేనా? చివరిదాకా వాణ్ణి వదల్లేదు నువ్వు. పాపం, ఆ చివర్లో కూడా నవ్వుతున్నట్టే ఉన్నాడు. వాడే కదూ?"

ఎల్బర్ట్ నాలుగు కాగితాలు చింపేశాడు. అయిదోదాని మీద "అవునమ్మా, వాడే" అని రాశాడు. తర్వాత వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. రోత పోలేదు. మళ్లీ కడుక్కున్నాడు.