చీటీ ఇచ్చానన్న మాట

మల్లాపూర్ మందుల కంపెనీలో, అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర వెంకటనర్సమ్మకు బాగా పనికొచ్చిన ఇంగ్లీషు ముక్క 'ఆల్రెడీ'. ఇప్పటికే అయిపోయిందని దాని అర్థం. సూపర్‌వైజర్ రామచంద్రరావు "లేబుళ్లు తెచ్చారా?" అన్నప్పుడు "తెస్తా" అన్నవాళ్లకు తిట్లు. "ఆల్రెడీ తెచ్చిన సార్" అన్నవాళ్లను దాటి వెళ్లిపోయేవాడు. ఆయన అటు తిరగగానే పరుగెత్తి తెచ్చుకునేవాళ్లు. ఆ బల్ల దగ్గర ఆడవాళ్లందరిదీ అదే అలవాటు. అది అబద్ధమని ఎవరూ అనుకోలేదు.

తెలంగాణ బంద్‌లు జోరందుకోక ముందటి ఏడు, వానాకాలంలో తారామణికి జ్వరం వచ్చింది. చిల్కానగర్‌లో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. కంపెనీలో ఆరేళ్లుగా ఒకే బల్ల. సెలవు చీటీ నర్సమ్మ చేతికిచ్చి పంపింది. చీటీ లేకుండా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు.

ఆ మధ్యాహ్నం తిండి వేళకు తారామణి ఇంటి నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, చీటీ ఇచ్చినవా?"

చీటీ ఇంకా సంచిలోనే ఉంది.

"ఆల్రెడీ ఇచ్చిన తియ్యి. సప్పుడు జెయ్యక పండుకో."

"నువ్వుండంగ నాకేం ఫికరక్కా! మా ఆయనకంటే నువ్వే నయం."

నర్సమ్మ నవ్వింది. తినగానే ఇచ్చేద్దామనే అనుకుంది. అంతలో సరుకు కోసం లారీ వచ్చి నిలబడింది. అయిపోయిందని నోటితో చెప్పిన పని మనసులో కూడా అయిపోతుంది కాబోలు, మళ్లీ గుర్తుకు రాలేదు.

నాలుగో రోజు తారామణిని గేటు దగ్గరే ఆపేశారు.

"చీటీ పంపిన సార్! నర్సక్కను అడుగున్రి," అంది ధైర్యంగా.

రామచంద్రరావు పక్కనే ఉన్న నర్సమ్మ వైపు తిరిగాడు. "ఇచ్చావామ్మా?"

ఇచ్చాను, మీరే ఎక్కడో పడేశారు అంటే సరిపోయేదేమో. ఆ మాట నాలుక దాకా వచ్చింది. నర్సమ్మ సంచి అడుగున వెతికి నలిగిన కాగితం తీసింది.

"నేనే మర్చిపోయిన సార్. దాని తప్పు లేదు."

ఆయన చదివి తిరిగి ఇచ్చేశాడు. "ఇప్పుడేం లాభం? నిన్ననే ఇంకొకామెను పెట్టుకున్నారు."

తారామణి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇయ్యలేదని ఆ దినమే చెప్తే, జ్వరంతోనన్న నేనే వస్తుంటి గదక్కా," అంది.

లోపల గంట కొట్టారు. తారామణి గొడుగు విప్పుకుని ఇంటివైపు, నాచారం దారి పట్టింది.

బల్ల దగ్గర కొత్తామె కూర్చుని ఉంది. పెట్టె ఎట్లా మడవాలో చూపించమని నర్సమ్మనే అడిగింది.