శెట్టి అనిపించిన మాట

కాన్పయి నెల దాటాక, బిడ్డను అత్త ఒళ్లో పెట్టి కల్లూరు నుంచి నడిచొచ్చిన రత్నమణిని కర్నూలు నూనె మిల్లు గేటు దగ్గరే ఆపేశారు. వేరుశనగ బుడ్డలు చెరిగే కొట్టంలో ఆమె చోట ఇంకొకతె కూర్చుంది.

"నువ్వే మానుకొని పోతివి కదమ్మే," అన్నాడు మిల్లు యజమాని నాగసుబ్బయ్యశెట్టి, తలెత్తి చూడకుండానే.

మానుకోవడమా! నొప్పులొచ్చే ముందురోజు దాకా చేట వదలని మనిషి. మొగుడు దాసన్న జబ్బుతో మంచాన పడి ఉన్నాడు. ఈ పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

ఆదివారం చర్చిలో ఆమె ఏడుస్తుంటే పాస్టరు దావీదురాజు విషయం అడిగాడు. "దీనికి చట్టం ఉండాదమ్మా. కాన్పుకు పోయినదాన్ని పనిలోంచి తీసెయ్యకూడదు. ఆ దినాలకు భత్యం గూడా ఇయ్యాల," అని చెప్పి, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు అర్జీ రాశాడు. రత్నమణి నమ్మలేదు. బిడ్డను కన్నందుకు శెట్టి చేత దుడ్లు ఇప్పించే చట్టమా? పాపం, పాస్టరయ్యది వట్టి మంచితనం అనుకుంది.

ఇన్‌స్పెక్టరు నిజంగానే వచ్చాడు! రత్నమణినీ పాస్టరునూ మిల్లుకు పిలిపించాడు.

"తనంతట తాను మానుకుంటే చట్టం వర్తించదు గదా సార్," అన్నాడు శెట్టి ధీమాగా. "నా ఎదురుగానే 'పోతానయ్యా' అనింది. అడగండి."

"అన్నావా అమ్మా?"

అబద్ధమాడటం రత్నమణికి చేతకాదు. "అంటిని సామీ. నడుము పీకతాంటే అట్ల వచ్చేసె."

పాస్టరు నెత్తి కొట్టుకున్నాడు. ఇంక పని పోయినట్టేననుకుంది రత్నమణి.

"మిల్లు చప్పుడులో సరిగ్గా విన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

శెట్టికి రోషం పొడుచుకొచ్చింది. "వినకపోవడమేంది సార్! దీపం పెట్టే యాళ, లక్ష్మి వచ్చే వాకిట్లో నిలబడి 'పోతా' అంటాదా? నా గుండె దడేల్‌మనె. 'ఛీ, పోతా అనకూడదు, పోయొస్తా అను' అని ఆడనే గద్దించినా. అనిందాకా గడప దాటనియ్యలే!"

"మరి అందా?"

"అనకుండా యాడికి పోతాది!"

ఇన్‌స్పెక్టరు కలం పక్కన పెట్టాడు. "అయితే తిరిగి వస్తానని చెప్పే వెళ్లింది. చెప్పించింది మీరే."

శెట్టి మొహం మాడిపోయింది. "అది... మాటవరసకు సార్!"

"ఆమె మొదట అన్నది కూడా మాటవరసకే. రేపటి నుంచి పనిలోకి రానివ్వండి. భత్యం కూడా ఇవ్వండి."

రత్నమణి ఆ వాకిట్లోనే కూలబడి భోరుమని ఏడ్చింది. సంతోషమో, ఇన్నాళ్ల భయమో ఆమెకే తెలియలేదు.

భత్యానికి శెట్టి వారం పాటు సణిగాడు గానీ, చివరికి కొట్టానికొచ్చి ఇవ్వక తప్పలేదు. దాన్ని రత్నమణి కొంగున ముడేసుకోవడం కొట్టంలో ఆడవాళ్లంతా చూశారు. పని పోతుందన్న భయంతో చీర బిగించి కడుపు దాచుకుంటున్న సుంకులమ్మ, చేట కింద పెట్టి లేచింది. అందరి ముందూ కుచ్చెళ్లు వదులు చేసుకుని, "నాకిప్పుడు ఆరో నెల శెట్టీ," అంది.