జ్వరం రాని పురుగుల తట్ట

నేను ఒక వెదురు తట్టను. హిందూపురం దగ్గర మేదర్ల చేతుల్లో పుట్టి, ఇరవై పంటల పట్టుపురుగులను మోశాను. అంచు విరిగాక, మిరపకాయలు పోసి పురుగుల ఇంటి వాకిట్లో ఎండకు పెట్టారు. అయినా పురుగు సంగతి నన్నడగండి, మనుషులను కాదు.

ఈసారి మా యజమాని అంజినప్ప మల్బరీ తోటలో ఆకు చూసి కాదు, కడుపులో ఆశ చూసి పురుగు తెచ్చాడు. ఆకు తక్కువ, నోళ్లు ఎక్కువ. పెద్ద ధర్మాత్ముడిలా అన్నిటికీ సమంగానే చల్లాడు. చల్లింది సమమే గాని తిన్నది సమం కాదు. ముందు పైకెక్కిన పురుగు తిని మరింత బలిసింది, కింద పడినది ఈనెలు కొరుక్కుంది.

ఇంతలో మూడో జ్వరం వచ్చింది. పురుగు చర్మం విడవడానికి కదలకుండా పడుకుంటే మావాళ్లు దాన్ని జ్వరం అంటారు. అప్పుడు ఆకు వేయరు. బలిసినవి హాయిగా పడుకున్నాయి. బక్కవి ఇంకా తలలెత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి. పడుకోవడానికి కావలసిన కండ వాటికి పట్టనే లేదు.

"బక్కవి ఏరి గుంతలో పారెయ్. ఆకు మిగుల్తాది" అన్నాడు అంజినప్ప.

భార్య కదిరమ్మ తట్టల మీదికి వంగి చూసింది. "జ్వరమొచ్చినోళ్లకు లంకణం సరే. రానోళ్లకు గూడా లంకణం పెడితిమే" అంది. ఆ గొంతులో సిగ్గు నాకు తెలిసింది.

మిరపకాయలు దులిపేసి, నన్ను సున్నపు నీళ్లతో కడిగి ఆరబెట్టింది. పురుగుల మీద లేత ఆకు పరిచింది. ఆకలిగా ఉన్నవే పైకెక్కాయి. వాటిని ఆకుతో సహా ఎత్తి నా మీద పలచగా సర్దింది. బలిసినవి జ్వరం దిగి లేచాక వాటిలో సగం తీసుకుపోయి, తన పురుగు చచ్చి ఆకు మిగిలిపోయిన పక్కతోట నారాయణమ్మకు పంటలో వాటా మాట్లాడుకుని పాలుకిచ్చింది.

"బాగుండేటివి ఇచ్చేసి బక్కవి పెట్టుకుంటివా?" అంజినప్ప నెత్తి కొట్టుకున్నాడు.

"బాగుండేటివి యాడైనా బతుకుతాయి" అంది కదిరమ్మ.

నావి నాలుగు రోజులు ఆలస్యంగా గూడు కట్టాయి. గూళ్లు చిన్నవే, చిన్నప్పటి ఆకలి తర్వాత ఎంత మేపినా పూర్తిగా పూడదు. పురుగు లోపలే చచ్చి ఉంటే గూటికి అంటుకుపోయి చప్పుడు చేయదు. అంజినప్ప ఒక గూడు చెవి దగ్గర పెట్టి ఊపాడు. టకటకమంది. ఇంకోటి ఊపాడు. అదీ మోగింది. గుప్పెడు గూళ్లు ఊపేదాకా ఊరుకోలేదు.

"అన్నీ బతికే ఉండాయే" అన్నాడు మెల్లగా.

తర్వాతి పంటకు తోటంతా తిరిగి చూసి, పోయినసారిలో సగమే తెచ్చాడు. ఆ పొద్దున నా విరిగిన అంచుకు తనే కూర్చుని తీగ చుట్టాడు. మిరపకాయలకు ఇంకో తట్ట చూసుకోమని కదిరమ్మతో చెప్పాడు.