కాళ్లకు వచ్చిన ఇంగ్లీషు

యుద్ధం పుణ్యమా అని నూలు సర్కారు కంట్రోల్లోకి పోయింది. కంట్రోలు వెంట పర్మిట్లు, పర్మిట్ల వెంట ఇంగ్లీషు కంకిపాడు నేతగాళ్ల వీధిలోకి వచ్చిపడ్డాయి. ఆ కాగితాలు చదివే గుమాస్తాను ఏటా ఒకణ్ణి తీసుకుంటామని చేనేత సంఘం వారు బెజవాడలో పరీక్ష పెట్టారు. మగ్గం పనివాళ్లకే ఉద్యోగం, రెండుసార్లకు మించి రాయనివ్వరు.

ఆ వీధి నేతగాడు మల్లేశ్వరరావు కిందటేడు ఒకసారి తప్పాడు. నెలకు పదిరోజులకు మించి మగ్గానికి నూలు దొరకడం లేదు. ఈ ఉద్యోగం రాకపోతే మిగిలిన ఇరవై రోజులూ ఏం తినాలో అతనికి తెలియదు.

మిషన్ బడిలో పంతులుగా చేసి విరమించిన సొలొమోను గారు సాయంత్రాలు పాఠం చెప్పేవారు. ఇఫ్‌తో మొదలయ్యే వాక్యాలు, సామెతలు, వాక్యాలను తిరగరాయడం. ఈ తిరగరాయడం దగ్గరే మల్లేశ్వరరావుకు ఒళ్లు మండేది. నేతగాడు గుడ్డ నేశాడంటే చాలదట, గుడ్డ నేతగాడిచేత నేయబడింది అనాలట. పొద్దస్తమానం మగ్గం గుంటలో కూర్చుని నడుములు పడిపోయేలా నేసినవాణ్ణి తీసుకెళ్లి వాక్యం చివర కూలేయడం ఏం న్యాయమని పంతులుగారినే అడిగాడు. అది వాళ్ల ఇల్లు నాయనా, మనం అద్దెకున్నవాళ్లం అన్నారాయన.

సామెతలు మరీ అన్యాయం. దొర్లే రాయికి నాచు పట్టదట. పట్టకపోతే మంచిదే కదా, నూతి దగ్గర కాలుజారి పడే బాధ తప్పుతుందనుకున్నాడు. తీరా చూస్తే అది ఆ రాయిని తిట్టడమట.

పుస్తకం ముందేసుకుంటే ఒక్క ముక్క ఎక్కేది కాదు. మగ్గంలో కూర్చుంటే మాత్రం ఎక్కేది. ఎడమకాలితో మగ్గం కింది చెక్క తొక్కితే సగం వాక్యం, పోగు మోసే నాడె ఆ పక్కకు దాటాక కుడికాలితో తొక్కితే మిగతా సగం. నాలుగు నెలల్లో పుస్తకమంతా అలా నోటికొచ్చింది. పక్కన రాట్నం మీద నూలు కండెలు చుట్టుకునే తల్లి చౌడేశ్వరమ్మ కొడుకు దొరల మంత్రాలు వల్లిస్తున్నాడని మురిసిపోయేది.

పరీక్షనాడు, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సెక్కి బెజవాడ వెళ్లాడు. ఒక మేడమీది గదిలో పదకొండు మందిని కూర్చోబెట్టారు. పది ప్రశ్నలూ తెలిసినవే. మొదటిది చదవగానే ఎడమకాలు కదిలింది, కుడికాలు కదిలింది, జవాబు వచ్చేసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. కానీ అది చెక్కల నేల. దడదడమని మోగింది.

కాపలా ఉన్న పెద్దమనిషి మగ్గం మొహం చూసినవాడు కాడు. వెనక బెంచీ వాడికి సైగలు చేస్తున్నావా అని నిలదీశాడు.

"లేదండీ. తొక్కకపోతే గుర్తురాదండీ," అన్నాడు మల్లేశ్వరరావు.

"కాళ్లతో రాసే పరీక్ష ఎక్కడుందయ్యా? కాళ్లు పైకి పెట్టుకుని రాయి. మళ్లీ చప్పుడైతే బయటికి పంపిస్తా."

గదిలో ఉన్నవాళ్లంతా నేతగాళ్లే, సంగతి అందరికీ అర్థమైంది. ఒక్కడూ నోరెత్తలేదు. ఒకడు తగ్గితే మంచిదేగా. మల్లేశ్వరరావు బెంచీ మీద మఠం వేసుక్కూర్చున్నాడు. నాలుగో ప్రశ్నకు సగం వాక్యం వచ్చి ఆగిపోయింది. చేత్తో తొడమీద కొట్టుకున్నాడు, పళ్లు కొరుక్కున్నాడు, అన్నీ వచ్చు మొర్రో అని అరవాలనిపించింది. గంట కొట్టేసరికి కాగితం మీద ఆ మొదటి మూడే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి తల్లి రాట్నం దగ్గరుంది. ఏమేం అడిగార్రా అంది. చెప్పినా నీకేం తెలుస్తుందని విసుక్కుంటూనే "ఎ స్టిచ్ ఇన్ టైమ్..." అన్నాడు.

"సేవ్స్ నైన్," అంది చౌడేశ్వరమ్మ, తలెత్తకుండా.

 అతను చటుక్కున ఆమె వైపు తిరిగి "ఇఫ్ ఇట్ రెయిన్స్," అన్నాడు. "వుయ్ షల్ నాట్ గో," అంది. అరుగు మీద కూలబడి, తాను వదిలేసిన ఏడింటినీ ఒక్కొక్కటే అడిగాడు. వేలిముద్ర తప్ప ఎరగని మనిషి, చేతిలో పోగు తెగకుండా ఏడూ అప్పజెప్పింది.

"ఇవేనంట్రా?" అని నవ్వింది. "ఇంతోటిదానికి నన్ను పంపినా చెప్పొచ్చేదాన్ని గదరా. నువ్వు అన్నీ రాసే ఉంటావులే."

మల్లేశ్వరరావు తల దించుకున్నాడు. మూడే రాశానని ఇప్పుడు ఆమెకు చెప్పాలి.