నాన్న కొట్టేసిన వాక్యాలు

పొద్దున్నే వంట ముగించి చిన్నమ్మాయి తండ్రి గదిలో టైపు మిషను ముందు కూర్చునేది. ఆ గదికున్న ఒక్క కిటికీ ఎప్పుడో పుస్తకాల బీరువా వెనక్కి పోయింది. తత్వవేత్తగా పేరున్న ఆ తండ్రి పోయాక, అచ్చుకాకుండా మిగిలిన ఆయన కాగితాలన్నీ సాపు చేసే పని ఆమె నెత్తిన పడింది. పుస్తకం తేవాలన్న పట్టుదల లెక్చరరు అన్నయ్యది, నొప్పెట్టే వేళ్ళు ఈమెవి.

పని మాత్రం తెమిలేది కాదు. భోంచేసి వచ్చేసరికి, టైపు చేసిన వాక్యాల మీద నాన్నగారి నీలం సిరా గీతలు పడి ఉండేవి.

"అన్నయ్యా, నాన్న ఇవాళ పేజీ మొత్తం కొట్టేశారు."

"బతికుండగా మాత్రం ఒక్కసారికి ఒప్పుకున్నారా? మళ్ళీ చెయ్యి."

ప్రచురణకర్తా ఆశ్చర్యపోలేదు. "రచయితలంతా ఇంతేనమ్మా. పోయినవాళ్ళే నయం, ఫోన్లు చెయ్యరు," అన్నాడు.

ఈలోగా సముద్రం ఒడ్డున వాతావరణ కేంద్రంలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. "ఇది పూర్తయ్యాక వెళ్దువుగానిలే," అన్నాడు అన్నయ్య. పూర్తవడమంటూ ఉంటేగా! గానుగెద్దు బతుకైపోయింది.

తండ్రికి పేరు తెచ్చిన పుస్తకం నిండా ఒకటే మాట: కర్తవ్యమే స్వేచ్ఛ. ఈ కాగితాల్లోనూ ఆ మాట ఎన్నోచోట్ల ఉంది, ప్రతిచోటా కొట్టేసి ఉంది. పక్కన సన్నటి అక్షరాలు: "కర్తవ్యమా, నా భయమా?" ఆ తరవాత అదీ కొట్టేసుకున్నారు. సభల్లో తడుముకోకుండా మాట్లాడిన మనిషి, ఈ గదిలో ఒక్క మాట మీదా నిలబడలేకపోయారు.

ఒక్కచోట మాత్రం గీత పడలేదు. "తను మళ్ళీ పాడతానంది. కర్తవ్యం గుర్తుచేసి ఆపాను. తను ఇంకెప్పుడూ అడగలేదు."

అమ్మ పాడేదని చిన్నమ్మాయికి తెలియనే తెలియదు. అది టైపు చేసి, ఆ పేజీని మిగతావాటి నుంచి విడిగా పెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఉద్యోగం వాళ్ళకు జవాబు రాయాల్సొచ్చింది. "నాన్నగారి పని ముగిసేదాకా రాలేను" అని టైపు చేసి, కవరు కోసం పక్కగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే దాని మీద నీలం గీత. సిరా ఇంకా ఆరలేదు.

కాగితం తీసుకెళ్ళి అన్నయ్యకు చూపించింది.

"పొరపాటున కొట్టేసుంటారు. మళ్ళీ టైపు చెయ్యి."

"నాన్న కాదన్నది నేనెలా రాస్తానన్నయ్యా?"

అతను తడి సిరాను వేలితో తాకి చూశాడు. "మరి పుస్తకం?" అన్నాడు నీరసంగా.

"నీకూ టైపు వచ్చుగా," అంది.

సాయంత్రం బస్సెక్కింది. తెల్లారి వాతావరణ కేంద్రానికి చేరేసరికి, ఆ ఉద్యోగం అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశారు. "కొండ మీద గాలి కొలిచే చోట మనిషి కావాలి. ఒంటరిగా ఉండాలి మరి, ఉంటావా?" అన్నాడు అక్కడి అధికారి.

"ఉంటానండీ," అని, చెప్పులు బిగించుకుని ఆయన వెనకే కొండెక్కింది.