వారానికి పది నిమిషాలు

నేను ఒక పాత కారు ఏసీ కంప్రెసర్ని. బానెట్ ఎత్తితే బెల్టు పక్కన నల్లగా, జిడ్డుగా కనిపిస్తాను. మీకు చల్లగాలి నా వల్లే వస్తుంది గానీ, నా బతుకంతా ఇంజను సెగలోనే.

నా మొదటి యజమాని గుంటూరులో ఒక డాక్టరు. వీధి చివర పాలప్యాకెట్ కోసం వెళ్లినా నన్ను తిప్పేవాడు. తెగ విసుక్కునేదాన్ని. తిరిగితేనే నాలో ఆయిల్ పారుతుందనీ, రబ్బరు సీలు తడిగా ఉండి గ్యాస్ నిలుస్తుందనీ అప్పుడు తెలియలేదు.

పన్నెండేళ్లకు కారు మాచర్ల చేరింది. కొన్న మస్తాన్‌వలి ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. డీజిలు ఆదా చేసినందుకు డిపోలో మూడుసార్లు శాలువా కప్పించుకున్న మనిషి. ఇక నా స్విచ్ సంగతి మీరే ఊహించుకోండి.

భార్య ఖాసింబీకి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు నరసరావుపేటలో డయాలసిస్. బస్సులో కూర్చోలేకపోతోందనే ఈ కారు కొన్నాడు.

"కాసేపు ఏసీ ఎయ్యరాదూ," అని మార్చిలో ఆమె అడిగింది.

"ఎండలు ముదరనియ్యి. ఇప్పట్నించే అరగదీస్తే మే నెల్లో ఏం పనిచేస్తది?" అన్నాడు.

అది పిసినారితనం కాదు. కొత్త దుప్పటిని బీరువాలో దాచినట్టు నన్ను ఆమె కోసమే దాచాడు. దాస్తే చెడిపోతానని చెప్పడానికి నాకు నోరు లేదు.

మే వచ్చింది. డయాలసిస్ అయ్యాక ఆమె వాడిన ముఖంతో ముందు సీట్లో కూర్చుంది. ఆయన సంబరంగా స్విచ్ నొక్కాడు. వేడిగాలి కొట్టింది. సీలు ఎండిపోయి, గ్యాస్ ఎప్పుడో పోయింది. నాకు సిగ్గేసింది.

"పోనీలేయ్యా, అద్దం దించు," అని ఆమె తడి తువ్వాలు నెత్తిన కప్పుకుంది. పిడుగురాళ్ల దాటేదాకా ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు.

మర్నాడు మెకానిక్ సైదులు నన్ను పరీక్షించాడు. "వాడకపోతేనే పాడయిద్ది మావా. చలికాలమైనా సరే, వారానికి పది నిమిషాలన్నా ఎయ్యాల," అన్నాడు. కొత్త సీలు విజయవాడ నుంచి రావాలన్నాడు. అది వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

ఈలోపు ఆ ఎండలో రెండు ప్రయాణాలు జరిగాయి. మూడోదానికి ఆమె లేదు. గుండె ఆగిందనీ, ఎండకు సంబంధం లేదనీ డాక్టర్లు చెప్పారు. ఆయన నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఆ తర్వాత సీలు మార్చారు. ఇప్పుడు అద్దాలకు చెమట పట్టేంత చల్లబరుస్తున్నాను. ఎవరికి కావాలి?

ప్రతి ఆదివారం మస్తాన్‌వలి ఇంటిముందే కారు స్టార్ట్ చేసి ఏసీ వేస్తాడు. ఎక్కడికీ వెళ్లడు. డీజిలు కాలుతున్నా పట్టించుకోడు. గాలి వచ్చే రెక్కలన్నీ ఎడమ సీటు వైపు తిప్పి పది నిమిషాలు కూర్చుంటాడు. ఆ సీటు చల్లబడిందని చేత్తో తాకి చూసుకున్నాకే ఆపుతాడు.