వగ్దీ సారు దిష్టి

వగ్దీ సారు చూస్తే చాలు, బోర్డు చస్తోంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, వారంలో నాలుగుసార్లు! కైరో దొక్కీ పేటలో ఐదో అంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసులో ఈ సంగతి తెలియనివాడు యజమాని వగ్దీ ఒక్కడేనని అందరూ అనుకున్నారు.

బోర్డు కొత్త ఇంజనీరు రబాబ్‌ది. నీటి మీటర్లు చదివేవాళ్లు చేత్తో పట్టుకు తిరిగే యంత్రానికి అది గుండెకాయ. పొద్దున బయల్దేరినవాడు సాయంత్రం ఇల్లు చేరేదాకా బ్యాటరీ నిలవాలి కదా, అయిదు గంటలు నడిచి చేతులెత్తేస్తోంది. అందుకని రబాబ్ కెర్నెల్‌లోకి దిగింది. కెర్నెల్ అంటే యంత్రం లోపలి అసలు పెత్తందారు. చిప్ ఏ వేగంతో నడవాలో, ఆ వేగానికి ఎంత వోల్టేజీ ఇవ్వాలో అందులో ఒక పట్టిక ఉంటుంది. చిప్ చేసినవాళ్లు పెళ్లివారికి వడ్డించినట్టు ప్రతి వరుసలోనూ వోల్టేజీ ధారాళంగా పోశారు. రబాబ్ ఎడాపెడా కోసేసింది. పనిలేనప్పుడు చిప్ నింపాదిగా నడిచే అట్టడుగు వరుసలో తొమ్మిది వందల యాభై మిల్లీవోల్టుల్ని ఎనిమిది వందల యాభైకి దించింది. బ్యాటరీ తొమ్మిది గంటలు నిలిచింది!

ఊరికే నమ్మిందా? లేదు. జులై ఎండలో మూడు రోజులు బోర్డుని డాబా మీద పావురాల గూళ్ల పక్కన పెట్టి కాల్చింది. అది కిక్కురుమనలేదు. చిప్‌కి వేడే శత్రువని చదువుకుంది. కైరో ఎండని తట్టుకున్నది ఇంక దేన్నైనా తట్టుకుంటుందని ధీమాగా కూర్చుంది.

గురువారం నీళ్ల కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారు. రబాబ్ ఆర్నెల్ల పరీక్షకాలం కూడా ఆ రోజుతోనే సరి. వాళ్లముందు బోర్డు నడిస్తే ఉద్యోగం ఖాయం, ఆగితే సంచీ సర్దుకోవాలి.

రోజూ వగ్దీ ఎండలోంచి చెమటలు కక్కుకుంటూ వస్తాడు. భారీ మనిషి. రాగానే రిమోట్ అందుకుని, మెడనొప్పని రబాబ్ ఆపేసుకున్న ఏసీని పదహారు డిగ్రీలకి దింపుతాడు. ఆమె బల్లదగ్గర నిలబడి, "ఏమ్మా, ఎలా ఉంది మన బుజ్జిముండ?" అని కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాడు. పావుగంట తిరక్కుండా తెర బిగుసుకుపోతుంది. యంత్రం తన తప్పులు తనే రాసుకునే లాగ్ తెరిచి చూస్తే ఒక్క ముక్క లేదు.

"ఇంజనీరమ్మా, ఇది దిష్టి," అన్నాడు టీలు అందించే మెత్వల్లీ.

"వోల్టేజీకి దిష్టేంటి బాబాయ్?"

"మరి నేను రోజుకి ఇరవైసార్లు చూస్తున్నానే, నాకెందుకు చావట్లా? నేను దిష్టి తగలకుండా మాషా అల్లా అని చూస్తా. ఆయన నోట ఎప్పుడన్నా విన్నావా ఆ మాట?"

చదువుకున్న పిల్లే అయినా, రబాబ్ చివరికి బోర్డుకి దిష్టి తగలకుండా నీలిపూస కట్టనిచ్చింది. ఏం చేస్తుంది పాపం! మెత్వల్లీ ధూపం కూడా వేశాడు. పొగకి అందరూ దగ్గారు, వగ్దీ వచ్చాడు, బోర్డు చచ్చింది.

మంగళవారం వగ్దీ రాలేదు. బోర్డు రోజంతా హాయిగా నడిచింది. బుధవారం పొద్దున రబాబ్ ఏదో పని మీద పక్కగదికి వెళ్లి వచ్చేసరికి బల్లమీద బోర్డు లేదు.

"బాబాయ్! బోర్డేదీ?"

"అరవకు. లిఫ్ట్ చప్పుడైంది, సారేమోనని దాచేశా. తీరా చూస్తే పై అంతస్తువాళ్లు."

"ఎక్కడ దాచావు?"

"ఫ్రిజ్‌లో. జున్ను వెనకాల. అక్కడ ఎవడి కన్ను పడుతుంది?"

రబాబ్ పరుగెత్తి ఫ్రిజ్ తెరిచింది. జున్ను వెనకాల బోర్డు, బోర్డుకి పూస, తెర మాత్రం బిగుసుకుపోయి ఉంది.

మెత్వల్లీ మొహం పాలిపోయింది. "ఇంజనీరమ్మా, ఒట్టు! నేను తలుపు కూడా తియ్యలా!"

"అంటే ఎవరూ చూడలేదు," అంది రబాబ్ మెల్లగా. "ఎవరూ చూడకుండానే చచ్చింది." అక్కడే నేలమీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. "చలి, బాబాయ్! చలి! వోల్టేజీ మరీ దించేస్తే చిప్ చలికి మందగిస్తుంది, అడుగు తడబడి పడిపోతుంది. ఎండలో కాల్చానుగానీ చల్లగాలి చూపించానా నేను? ఎంత మొద్దుని!"

కైరోలో పుట్టిన పిల్లకి చలిని అనుమానించాలని ఎలా తోస్తుంది చెప్పండి. అట్టడుగు వరుసని తొమ్మిది వందలకి పెంచింది. సాయంత్రందాకా బోర్డుని జున్ను పక్కనే నడిపించింది. ఒక్కసారి కూడా ఆగలేదు. బ్యాటరీ ఎనిమిదిన్నర గంటలు, అది చాలు.

గురువారం కంపెనీవాళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు. వగ్దీ లేడు. ఫోన్ చేస్తే ఎత్తడు. రబాబ్ మెట్లమీదికి వచ్చి చూస్తే నాలుగో అంతస్తు మలుపులో చేతిరుమాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సార్! ఇక్కడేం చేస్తున్నారు?"

"నువ్వు కానియ్యమ్మా. అయిపోయాక వస్తా."

"మీరు లేకుండా ఎలా?"

"నేనుంటేనే కదా చచ్చేది!" అన్నాడు వగ్దీ. "నాకు తెలీదనుకున్నారా? ధూపం వాసన నాకు రాదా? మా చెల్లెలు అయితే నేను వెళ్లగానే బిడ్డ మొహం మీద గుడ్డ కప్పేస్తుంది. ఎనిమిది నెలల పిల్ల, ఇప్పటిదాకా ముక్కెలా ఉంటుందో చూళ్లా నేను. పో తల్లీ, నీ ఉద్యోగం ఎందుకు పాడుచేసుకుంటావ్."

రబాబ్‌కి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆ పూస కట్టనిచ్చిన తనని తనే తిట్టుకుంది. పెద్దాయన అని కూడా చూడకుండా చెయ్యి పట్టుకుని లాగింది. "లేవండి. మీరు రావాలి. ఏసీ పదహారులో పెట్టాలి. కళ్లారా చూడాలి."

వగ్దీ తలుపుదగ్గర తడబడ్డాడు. రబాబే రిమోట్ చేతిలో పెట్టింది. పదహారు! అరగంటలో కంపెనీవాళ్లు కోట్లు బిగించుకున్నారు. మెత్వల్లీ మూలన నిలబడి పెదాలు కదుపుతున్నాడు. వగ్దీ మొదట ఓరకంట చూశాడు, తర్వాత వంగి చూశాడు, ఆఖరికి ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్లి చూశాడు. బోర్డు నడుస్తూనే ఉంది. కాగితాలమీద సంతకాలు పెట్టడానికి కంపెనీవాళ్లు బాల్కనీ ఎండలోకి పారిపోయారు.

"నీ ఉద్యోగం ఖాయం పో," అన్నాడు వగ్దీ కళ్లద్దాలు తుడుచుకుంటూ.

అప్పుడు రబాబ్ తన కంప్యూటర్ ఆయనవైపు తిప్పింది. కెర్నెల్ దిద్దేవాళ్లకి ఒక ఆచారం ఉంది: దిద్దుబాటు కింద, తప్పుని బయటపెట్టిన మనిషి పేరు రాస్తారు. అక్కడ ఇలా ఉంది: "చలిలో ఆగిపోతుందని కనిపెట్టినవారు: వగ్దీ షెనూదా."

"నేనేం కనిపెట్టానమ్మా?"

"మీరు ఏసీ వెయ్యకపోతే ఇది ఇలాగే అందరి చేతుల్లోకీ పోయేది సార్. దిష్టి పెట్టలేదు మీరు, పరీక్ష పెట్టారు."

"ఇది... ఎవరైనా చెరిపేస్తారా?"

"కెర్నెల్‌ని చూసుకునే పెద్దలు ఒప్పుకుని కలుపుకున్నాక ఎవరూ చెరపలేరు."

వగ్దీ ఆ వరుసని మూడుసార్లు చదివాడు. తర్వాత ఫోన్ తీసి చెల్లెలికి కలిపాడు. అవతల ఆమె పలికిందో లేదో, గది దద్దరిల్లేలా అరిచాడు:

"ఒసేయ్, అదంతా ఏసీ చేసిన పనిటే! పిల్ల మొహం మీద ఆ గుడ్డ తీసెయ్, ఇప్పుడే వస్తున్నా!"